నల్లగొండలో నాచ్ ఈగలు: చలికాలపు ప్రాజెక్టు డైరీ

నవంబర్ మొదట్లో

ఈ ఏడు జిజ్ఞాస స్టడీ ప్రాజెక్టుకు ఏం తీసుకుందామని మా డిగ్రీ కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంట్‌లో కూర్చుంటే చెరువు నీళ్లు, వానపాములు, పట్టుపురుగులు అన్నీ మాటకొచ్చాయి. ఫైనలియర్ పిల్లలు ఐదుగురు మాత్రం నాచ్ సిగ్నలింగ్ కావాలన్నారు. పుస్తకంలో ఒక బొమ్మ, నాలుగు బాణాలు, అర పేజీ వివరణతో అయిపోయే పాఠం అది. "దాన్ని కండ్లతోని చూడొచ్చా మేడం?" అని అడిగారు. చూడొచ్చు. పండ్ల ఈగలు, ఒక మైక్రోస్కోపు, ఓపిక ఉంటే చాలు. పీజీ రోజుల నుంచి నా మనసులో ఉన్న పని కాబట్టి వెంటనే సరేనన్నాను.

మన ఒంట్లో కణాలన్నీ ఒకే కణం నుంచి పుట్టినవే. వాటిలో ఏది నరం కావాలి, ఏది చర్మం కావాలి అన్నది చాలాచోట్ల పక్కపక్క కణాలు మాట్లాడుకుని తేల్చుకుంటాయి. నాచ్ అలాంటి ఒక మాట. కణం పొరలో గుచ్చుకుని బయటికి పొడుచుకు వచ్చే పొడవాటి ప్రోటీన్ అది. పక్క కణం పొర మీద డెల్టా అనో సెరేట్ అనో ఇంకో ప్రోటీన్ ఉంటుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి తాకితేనే వార్త చేరుతుంది. హార్మోన్లలా రక్తంలో కలిసి దూరానికి పోయే వ్యవహారం ఇక్కడ లేదు. స్పాంజిల నుంచి మనిషి దాకా ఈ ఏర్పాటు ఉంది. ఈగలో నాచ్ జీన్ ఒక్కటే, మనలో నాలుగు, నాచ్-1 నుంచి నాచ్-4 దాకా.

పని చలికాలంలోనే ముగించాలని మొదటే అనుకున్నాం. ఈగలకు 25 డిగ్రీలు హాయి. ఆ వేడిలో గుడ్డు పది రోజుల్లో ఈగవుతుంది. 30 డిగ్రీలు దాటితే మగ ఈగలు సంతానానికి పనికిరాకుండా పోతాయి. మన దగ్గర మే నెలలో ఎంత కాస్తుందో చెప్పక్కర్లేదు, ఏసీ లేని ల్యాబ్‌లో వాటిని బతికించడం కష్టం.

హైదరాబాద్‌లో ఈగల మీద పనిచేసే ఒక ల్యాబ్ వాళ్లు అడగ్గానే స్టాక్ ఇచ్చారు. థర్మాకోల్ డబ్బాలో సర్ది, ఎంజీబీఎస్‌లో బస్సెక్కి నార్కట్‌పల్లి మీదుగా ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. నాచ్ ఈగలతో, అంటే నాచ్ జీన్ చెడినవాటితో పాటు మామూలు ఈగల సీసాలు కూడా అక్కడి నుంచే తెచ్చుకున్నాం. "బత్తాయి తోటలల్ల రాలిన కాయల మీద బొచ్చెడు ఈగలుంటయ్ కదా మేడం, కొనుడెందుకు తెచ్చుడెందుకు?" అన్నాడు హాలియా నుంచి వచ్చే అబ్బాయి. సరే పట్టుకురమ్మన్నాను. సీసా నిండా తెచ్చాడు. మైక్రోస్కోపు కింద చూస్తే అవన్నీ ఒక్క జాతివి కావు. మనకు కావలసింది మెలనోగాస్టర్ అనే జాతి. తోటల్లో అననాసే లాంటి వేరే జాతులూ కలిసి తిరుగుతుంటాయి, వాటితో సంకరం చేస్తే పిల్లలు రావు. మగ ఈగ ముందుకాలి మీద సెక్స్ కోంబ్ అనే నల్లటి ముళ్ల వరుస చూసి జాతి గుర్తుపట్టడం ఆ సాయంత్రం అందరూ నేర్చుకున్నారు.

మేత మా కిచెన్ సరుకులతోనే అయింది. లీటరు నీళ్లకు 100 గ్రాముల బొంబాయి రవ్వ, 100 గ్రాముల బెల్లం, 10 గ్రాముల అగర్. అడుగంటకుండా కలుపుతూ ఉడికించి, దించి కాస్త చల్లారాక బూజు పట్టకుండా ప్రొపియానిక్ ఆసిడ్ ఏడు మిల్లీలీటర్లు. సీసాల్లో పోసి, గట్టిపడ్డాక పైన చిటికెడు ఈస్ట్ చల్లి, దూది బిరడా పెట్టాలి. ఆసిడ్ వేడి మీద పోస్తే ఘాటుకు కళ్లు మండుతాయి, కిటికీలు తెరిచి పెట్టుకోవాలి.

నవంబర్ చివర

సంకరం మొదలైంది. మాకిచ్చిన ఆడ ఈగల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్ మీద నాచ్ జీన్ చెడిపోయి ఉంది, రెండోది ఎఫ్‌ఎం7 అనే బ్యాలెన్సర్. బ్యాలెన్సర్ అంటే వరుస తారుమారైన క్రోమోజోమ్. అది పక్కదానితో ముక్కలు మార్చుకోదు, అందుకే చెడిన జీన్ తరాల తరబడి చెదరకుండా నిలుస్తుంది. దాని మీద బార్ అనే గుర్తు ఉంటుంది. ఆ క్రోమోజోమ్ ఉన్న మగ ఈగకు కన్ను సన్నటి పట్టీలా ఉంటుంది, ఒక్క కాపీ ఉన్న ఆడదానికి కిడ్నీ ఆకారంలో ఉంటుంది. ఏ ఈగలో ఏ క్రోమోజోమ్ ఉందో కన్ను చూసే చెప్పొచ్చు.

వీటిని మామూలు మగ ఈగలతో కలపాలి. ఆడ ఈగలు అంతకుముందు వేరే మగవాటితో కలిసి ఉండకూడదు. ప్యూపా నుంచి బయటికొచ్చిన ఎనిమిది గంటల్లోపే వేరు చేయాలి. అప్పుడే పుట్టినవి పాలిపోయి ఉంటాయి, కడుపులో ముదురు మచ్చ కనిపిస్తుంది. పొద్దున హాస్టల్ అమ్మాయిలు, సాయంత్రం బస్సు ఆలస్యంగా ఉన్నవాళ్లు వచ్చి ఏరారు.

పిల్లలతో ముందే లెక్క కట్టించాను. పుట్టే ఆడ ఈగల్లో సగానికి చెడిన నాచ్ ఒక్కటి, మంచిది ఒక్కటి వస్తాయి. అవి బతుకుతాయి. మగ ఈగలకు ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే కదా, చెడినది వస్తే ఇంకో కాపీ ఉండదు. అవి గుడ్డులోనే చస్తాయి. అంటే పుట్టే ఈగల్లో ఆడవి రెండింతలు ఉండాలి, మగవన్నీ పట్టీ కళ్లవే అయ్యుండాలి.

డిసెంబర్

చలి పెరిగింది. రాత్రిళ్లు గదిలో ఈగలు నెమ్మదించాయి, ప్యూపాలు ఎన్ని రోజులైనా అలాగే ఉన్నాయి. ఇంట్లో కోళ్ల ఫారం ఉన్న అబ్బాయి దీనికి దారి చూపించాడు. పెద్ద థర్మాకోల్ డబ్బాలో చిన్న బల్బు, ఫారంలో వాడే థర్మోస్టాట్, లోపల గిన్నెలో నీళ్లు. 24, 25 మధ్య నిలబడింది. వేలు పెట్టి ఇన్‌క్యుబేటర్ కొనలేని కాలేజీలకు ఈ డబ్బా నేను గట్టిగా సిఫారసు చేస్తాను. కరెంటు పోయినా డబ్బా మూత తీయకుంటే వేడి చాలాసేపు ఉంటుంది.

డిసెంబర్, రెండో సగం

ఈగలు బయటికొచ్చాయి. ఈథర్ చుక్కలు వేసిన దూదితో మత్తెక్కించి, తెల్ల టైలు మీద పోసి, చిన్న పెయింటింగ్ బ్రష్‌తో వేరు చేశాం. మొదటి సీసాలో ఆడవి 64, మగవి 29. ఒక్క మగదానికి కూడా గుండ్రటి కన్ను లేదు. లెక్క రాసుకుంటున్న మునుగోడు అమ్మాయి పెన్ను పక్కన పెట్టి టైలు మీదికి వంగి మళ్లీ ఒక్కో కన్నూ చూసింది.

తర్వాత రెక్కలు. గుండ్రటి కళ్లున్న ఆడ ఈగల రెక్క చివర కొరికేసినట్టు గాటు ఉంది. 1914లో జాన్ డెక్స్టర్ అమెరికాలో మొదట నమోదు చేసిన లక్షణం ఇదే. ఆ తర్వాత మూడేళ్లకు థామస్ హంట్ మోర్గాన్ ఆ జీన్ రకాలను గుర్తించి రాశాడు. ఇంగ్లిష్‌లో నాచ్ అంటే గాటు, ఆ గాటుతోనే జీన్‌కు పేరొచ్చింది.

రెక్కను ఫోర్సెప్స్‌తో మొదలుకంటా పీకి, ఆల్కహాల్‌లో కడిగి, గ్లిజరిన్ చుక్కలో పరిచి, కవర్ స్లిప్ వేసి చూశాం. మామూలు రెక్క ముందంచు మీద మందపాటి ముళ్లు వరుసగా పేర్చినట్టుంటాయి, వెనకంచు మీద సన్నటి వెంట్రుకలు. నాచ్ ఈగ రెక్కలో గాటు పడ్డచోట ఆ వరుస ఉన్నట్టుండి ఆగిపోతుంది. గాటు లోపలి అంచు మీద ముల్లూ లేదు, వెంట్రుకా లేదు, బోసిగా ఉంది. ఈనెలు అంచుకు చేరేచోట లావెక్కి ఉన్నాయి. మాకు బాగా పట్టిన సంగతి ఇంకోటి: ఒకే ఈగకు ఒక రెక్క మీద లోతైన గాటు, రెండో రెక్క మీద చిన్న నొక్కు. రెండు రెక్కల్లోనూ జీన్లు ఒకటే, తిన్న మేత ఒకటే, పెరిగిన సీసా ఒకటే.

దీనికి జవాబు లార్వాలో ఉంది. రెక్క అయ్యే కణాలు లార్వా ఒంట్లోనే సన్నటి సంచిగా తయారై ఉంటాయి. పెద్ద లార్వాను సెలైన్‌లో రెండు ఫోర్సెప్స్‌తో చీల్చి, లోపలి భాగాన్ని బయటికి తిప్పితే గాలి గొట్టాలకు అతుక్కుని తెల్లటి ముక్కలు కనిపిస్తాయి. చేయి కుదురుకోవడానికి టైం పట్టింది కానీ దేవరకొండ అమ్మాయి చాలా శుభ్రంగా తీసింది. ఆ సంచిలో రెక్క పైభాగం కణాలు, కిందిభాగం కణాలు కలిసే సన్నటి గీత మీద నాచ్ పనిచేస్తుంది. పైన సెరేట్, కింద డెల్టా. ఆ గీత మీది కణాల్లో వింగ్‌లెస్, కట్ అనే జీన్లు నాచ్ ఆజ్ఞతోనే మొదలవుతాయి. వాటితోనే అంచు నిలుస్తుంది. నాచ్ సగమే ఉంటే కొన్నిచోట్ల ఆజ్ఞ సరిపోతుంది, కొన్నిచోట్ల కొద్దిలో తప్పుతుంది. హద్దు మీద ఉన్న వ్యవహారం కాబట్టే ఒక రెక్కకు ఎక్కువ, ఒక రెక్కకు తక్కువ.

సగం ఎందుకు సరిపోదు అన్నది ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. చాలా జీన్లకు రెండు కాపీల్లో ఒకటి పోయినా మనిషికి తెలియనే తెలియదు. చాలా సిగ్నళ్లలో బయట చిన్న తట్టు తగిలితే లోపల ఒకటి పదవుతుంది, పది వెయ్యవుతుంది. నాచ్‌లో ఆ పెంపు లేదు. డెల్టా తగులుకున్నాక డెల్టా ఉన్న కణం ఆ డెల్టాను లోపలికి లాక్కుంటుంది. ఆ లాగుడుకు నాచ్‌లో ఒక మడత విప్పుకుని, ఏడీఏఎం రకం ఎంజైము దాన్ని బయటి వైపు కోస్తుంది. వెంటనే గామా-సెక్రిటేజ్ అనే ఇంకో ఎంజైము పొర లోపల రెండో కోత కోస్తుంది. విడిపోయిన లోపలి ముక్క నేరుగా కేంద్రకంలోకి పోయి, అక్కడ డీఎన్ఏ మీద కూర్చున్న ప్రోటీన్‌తో కలిసి జీన్లను లేపుతుంది. ఒక నాచ్ అణువుకు ఒక ముక్క, అంతే. కోసిన నాచ్ మళ్లీ పనికిరాదు. ఎన్ని అణువులుంటే అంత వార్త. అందుకే కొద్దిగా తగ్గినా, కొద్దిగా పెరిగినా కణానికి తేడా పడుతుంది. ఈగలో నాచ్ జీన్ ఒక కాపీ అదనంగా ఉన్నా రెక్క ఈనెలు చెడిపోతాయి. ఆ లక్షణాన్ని కన్‌ఫ్లూయెన్స్ అంటారు.

బ్లాక్‌బోర్డ్ మీద ఇది గీసినప్పుడు పిల్లలు మొదటిసారి ఆ పుస్తకంలోని నాలుగు బాణాలను ప్రశ్నలడిగారు. నాకు కావలసింది అదే.

జనవరి, సంక్రాంతికి ముందు

పుట్టని మగ ఈగల సంగతి చూద్దామనుకున్నాం. గుడ్లు పెట్టించడానికి మామూలుగా ద్రాక్షరసం అగర్ వాడతారు. మేం బత్తాయి రసంతో చేశాం. మార్కెట్ దగ్గర కొన్న కాయల రసం, అగర్, కొంచెం బెల్లం, మధ్యలో ఈస్ట్ ముద్ద. ఈగలకు బాగా నచ్చింది, రాత్రికి రాత్రే ప్లేటు నిండా గుడ్లు. మర్నాటికి చాలావరకు పొదిగి లార్వాలు పాకాయి. మిగిలిన గుడ్లను ఇంకో రోజు ఉంచి చూశాం. ఫలదీకరణం కానివి తెల్లగానే ఉంటాయి. లోపల పిండం పెరిగి చచ్చినవి గోధుమరంగుకు తిరుగుతాయి. లెక్క ప్రకారం నాలుగింట ఒకటి చావాలి, మా ప్లేట్లలో దానికి దగ్గరగానే వచ్చింది.

ఆ గోధుమరంగు గుడ్ల లోపల ఏం జరిగిందో 1930ల చివర్లో డొనాల్డ్ పౌల్సన్ చూశాడు. నాచ్ బొత్తిగా లేని పిండంలో చర్మం కావలసిన కణాలు కూడా నరాల కణాలైపోతాయి. పొట్ట వైపు చర్మమే ఉండదు. నరాలు మాత్రం మోతాదుకు మించి పేరుకుంటాయి.

"నాచ్ లేకపోతే నరాలు తగ్గాలె కదా మేడం, ఎక్కువెట్లయితయ్?" అని హాలియా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. దసరాకు దేవరకొండ బస్సు వచ్చినప్పుడు కిటికీలోంచి సీట్లో దస్తీ వేసినవాడిని చూసి మిగతావాళ్లు వెనక్కి తగ్గుతారు కదా, ఆ దస్తీ డెల్టా అన్నాను. నరం కాగల కణాల గుంపులో మొదట అన్నీ సమానమే. ఒకదానిలో డెల్టా ఇసుమంత ఎక్కువైతే పక్కవాటిలో నాచ్ లేస్తుంది. నాచ్ లేచిన కణం "నేను నరం కాను" అని ఆగిపోతుంది, తన డెల్టాను కూడా తగ్గించుకుంటుంది. దాంతో మొదటి కణానికి ఎదురు లేకుండా పోతుంది. నాచ్ లేని పిండంలో వెనక్కి తగ్గమని చెప్పేది లేదు కాబట్టి గుంపు గుంపంతా నరమవుతుంది. మా నాచ్ ఈగల వీపు మీద సన్న వెంట్రుకలు మామూలు వాటి కన్నా కొంచెం ఒత్తుగా కనిపించడం కూడా ఇందులో భాగమే. ఒక్కో వెంట్రుక కింద ఒక నరకణం ఉంటుంది.

సెలవుల్లో హాస్టల్ ఖాళీ. మా అటెండర్ అన్న బల్బు డబ్బా చూసుకుంటానని బాధ్యత తీసుకున్నాడు. రోజూ థర్మామీటర్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు, ఒక్క స్టాక్ కూడా పోలేదు.

ఫిబ్రవరి మొదటి వారం

ఊరికి పోయి వచ్చిన పిల్లలు వేరే ప్రశ్నలు తెచ్చారు. ఈగ రెక్కకు గాటు పడితే మనకేంటి అని ఇంట్లో అడిగారట. దానికి జవాబుగా పోస్టర్‌లో సగం జబ్బులకే కేటాయించాం.

మొదట అలాజిల్ సిండ్రోమ్. ఈగలో సెరేట్ ఎలాగో మనలో జాగ్డ్-1 అలాగ. ఆ జీన్ రెండు కాపీల్లో ఒకటి చెడితే వచ్చే జబ్బు ఇది. 1997లో జీన్ దొరికింది. కాలేయంలో పైత్య నాళాలు సరిపడా తయారుకావు. పసిబిడ్డకు కామెర్లు తగ్గవు, ఒళ్లంతా దురద, గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే రక్తనాళం ఇరుకు, వెన్నుపూసలు ఎక్స్‌రేలో సీతాకోకచిలుక ఆకారంలో. సుమారు 30,000 జననాల్లో ఒకరికి వస్తుంది. ఒకే ఇంట్లో తండ్రికి గుండె చప్పుడులో చిన్న తేడా (మర్మర్) మాత్రమే ఉండి, బిడ్డకు కాలేయ మార్పిడి దాకా పోవచ్చు. మా ఈగల రెండు రెక్కలు చూసిన పిల్లలకు ఈ మాట వివరించాల్సిన అవసరం రాలేదు. పుట్టిన బిడ్డకు కామెర్లు రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, దొడ్డికి సున్నం రంగులో పోతున్నా ఎండలో పడుకోబెట్టి ఆగకుండా పిల్లల డాక్టర్‌కు చూపించాలని పోస్టర్‌లో పెద్దక్షరాలతో రాయించాను. పైత్యం అడ్డుపడే జబ్బుల్లో నాచ్‌తో సంబంధం లేనివి కూడా ఉన్నాయి, వాటిలో కొన్నింటికి త్వరగా ఆపరేషన్ కావాలి.

మునుగోడు అమ్మాయి అడిగింది: "మా దిక్కు నడుము వంగినోళ్లది, కాళ్లు వంకర పోయినోళ్లది కూడా జీనేనా మేడం?" కాదు. అది ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగడం వల్ల వచ్చింది. ఆ నీళ్లు ఎవరు తాగినా వస్తుంది, నీళ్లు మారిస్తే తర్వాతి పిల్లలకు రాదు. నాచ్ దారిలో తేడాతో వెన్నుపూసలు చెడడం వేరు. పిండంలో వెన్నుపూసలు ఒకదాని తర్వాత ఒకటి లెక్కగా ఏర్పడతాయి, ఆ తాళానికి నాచ్ సిగ్నల్ ఆగి ఆగి మోగాలి. డీఎల్ఎల్3 అనే జీన్ రెండు కాపీలూ చెడితే పుట్టుకతోనే పూసలు, పక్కటెముకలు కలగాపులగంగా ఉంటాయి. ఇలా రెండు కాపీలూ చెడితేనే వచ్చే జబ్బులకు మేనరికాల్లో అవకాశం పెరుగుతుంది. అలాజిల్‌కు ఒక్క కాపీ చాలు కాబట్టి దానికీ మేనరికానికీ ముడిపెట్టకూడదు. ఈ తేడా చెప్పకుండా జన్యు జబ్బుల గురించి మాట్లాడితే ఊళ్లో ఏ తల్లినో నిందించడానికే పనికొస్తుందని నా గట్టి అభిప్రాయం.

ఫిబ్రవరి రెండో వారం

క్యాన్సర్ భాగం రాయడం అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకంటే నాచ్ అక్కడ రెండు వైపులా ఉంటుంది. టీ-కణాలనే తెల్ల రక్తకణాల్లో వచ్చే క్యాన్సర్, అక్యూట్ లుకీమియాలో నాచ్-1 జీన్ చెడి, ఎవరూ తాకకుండానే సిగ్నల్ ఇస్తూపోతుంది, లేదా వాడిన ముక్క అరిగిపోకుండా నిలిచిపోతుంది. 2004లో చూసినప్పుడు ఆ రోగుల్లో సగానికి పైగా ఈ మార్పు కనిపించింది. 2011లో నోరు, గొంతు క్యాన్సర్ల జీన్లు చదివితే కొన్ని కణితుల్లో అదే నాచ్-1 పనిచేయకుండా పోయి ఉంది. రక్తంలో ఎక్కువై ముంచినది, నోటి పొరలో తక్కువై ముంచుతోంది. నోటి పొర కణాలు ముదిరి, విభజన ఆపి, గట్టి పొర కావడానికి నాచ్ కావాలి మరి. గుట్కా, అంబర్ నమిలేవాళ్లు మా పిల్లల ఇళ్లలోనూ ఉన్నారు. నోటి క్యాన్సర్‌కు మొదటి కారణం పొగాకే, జీన్లు చెడేది దానివల్లే అని ఆ పేరాలో ముందే రాసుకున్నారు.

మందుల కథ కూడా ఇక్కడే అతుక్కుంటుంది. నాచ్‌ను కోసే గామా-సెక్రిటేజే మెదడులో అల్జీమర్స్‌తో ముడిపడ్డ అమైలాయిడ్ ముక్కలనూ కోసి తయారుచేస్తుంది. దాన్ని ఆపితే అల్జీమర్స్ ఆగుతుందని సెమగసెస్టాట్ అనే మందు పరీక్షించారు. 2010లో ఆపేశారు. మతిమరుపు తగ్గకపోగా రోగుల పరిస్థితి దిగజారింది, చర్మ క్యాన్సర్లు పెరిగాయి. చర్మంలో నాచ్ కాపలా పోయింది మరి. అదే జాతికి చెందిన నిరోగసెస్టాట్‌ను 2023లో అమెరికాలో, మెత్తటి కణజాలంలో పెరిగే డెస్మాయిడ్ కణితులకు అనుమతించారు. విరేచనాలు దాని ముఖ్యమైన ఇబ్బంది, పేగు పొరలోనూ నాచే లెక్కలు చూస్తుంది.

నాచ్-3 వల్ల వచ్చే కాడాసిల్ గురించి ఒక చిన్న పెట్టె మాత్రమే ఇచ్చాం. నడివయసులోనే మైగ్రేన్, పక్షవాతం, మతిమరుపు తెచ్చే జబ్బు, 1996లో జీన్ తేలింది. దానిలో నాచ్ ఎక్కువ తక్కువల కన్నా, మెదడు సన్న రక్తనాళాల గోడల్లో చెడిన నాచ్ పేరుకుపోవడమే ముఖ్యం కాబట్టి మా మోతాదు కథలో కలపలేదు.

ఫిబ్రవరి చివర

పగలు డబ్బాలో బల్బు అవసరం లేకుండా పోయింది. ఎండలు ముదరకముందే నాచ్ స్టాక్‌లో కొన్ని సీసాలు హైదరాబాద్ ల్యాబ్‌కు తిరిగి చేర్చాలి, వచ్చే చలికాలానికి మళ్లీ అడుగుతాం. రెక్కల స్లైడ్లు ఫస్టియర్ ప్రాక్టికల్స్‌కు పనికొస్తాయి, అద్దం పెట్టెలో సర్ది లేబుళ్లు అంటించాం. ఐపీస్‌కు ఫోన్ ఆనించి తీసిన ఫొటోలు పోస్టర్‌కు బాగానే సరిపోయాయి.

ఇంకొక్క సంకరం మిగిలింది. డెల్టా ఒక్క కాపీ చెడిన మగ ఈగల స్టాక్ కావాలని అడిగాను, పంపుతామన్నారు. డెల్టా సగమైన ఈగల్లో ఈనెలు అంచు దగ్గర వెడల్పవుతాయి. నాచ్ సగం, డెల్టా సగం రెండూ ఒకే ఈగలో కలిస్తే రెక్క ఎలా ఉంటుందో ఈగలు రాకముందే రికార్డులో రాసి సంతకం పెట్టమన్నాను. ఇద్దరు గాటు ఇంకా లోతవుతుందని రాశారు. ముగ్గురు, రెండూ సగమే కాబట్టి పాళ్లు సరిపోయి గాటు తగ్గుతుందని రాశారు. మునుగోడు అమ్మాయి మాత్రం తన జవాబు కింద ఎన్ని రెక్కలు చూస్తే నమ్మొచ్చో కూడా అడిగి, లెక్క వేసి రాసుకుంది.